మీటరు పెట్టకుండా సైలెన్సరు మీద చలానా రాయవచ్చా?

ప్రశ్న: నా వయసు 28. సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ఆరు నెలల కిందట పాత కార్లు అమ్మే ఒక షోరూములో టర్బో పెట్రోలు హ్యాచ్‌బ్యాక్ కొన్నాను. ఆర్‌సీ నా పేరుకు మారింది. నేను కొనేనాటికే దానికి బయటి కంపెనీ సైలెన్సరు బిగించి ఉంది. అందులో ఒక వాల్వ్ ఉంది, రిమోట్ నొక్కితే తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. అమ్మినవాళ్లు ‘ఇది లీగలే, సర్టిఫికెట్ కూడా ఉంది’ అన్నారు. పోయిన నెల ఒక శనివారం రాత్రి పదకొండున్నరకు ట్రాఫిక్ పోలీసులు ఆపి వెయ్యి రూపాయల చలానా రాశారు. వాళ్ల దగ్గర శబ్దం కొలిచే పరికరం ఏదీ లేదు, చెవితో విని రాసేశారు. పదిహేను రోజుల్లో సైలెన్సరు మార్చి తెచ్చి చూపించాలనీ, మళ్లీ దొరికితే ఊడదీసి రోడ్డు రోలరు కింద వేస్తామనీ అన్నారు. డబ్బు కట్టేసి వదిలెయ్యమని నాన్నగారు అంటున్నారు. మీటరు లేని చలానా చెల్లదు, కోర్టుకు వెళ్లమని స్నేహితులు అంటున్నారు. ఆ సైలెన్సరు ఖరీదు నలభై వేల పైమాట. అర్ధరాత్రి దాకా డీజేలు మోగినా పట్టించుకోనివాళ్లు నా ఒక్కడి మీదే ఎందుకు పడ్డారు? నేను ఏం చేయాలి?
(తెలంగాణ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీ ఉత్తరంలో రెండు విషయాలు కలిసిపోయి ఉన్నాయి. చలానా నిలుస్తుందా లేదా అన్నది ఒకటి, ఆ కారును ఇలాగే నడపవచ్చా లేదా అన్నది రెండోది. మీరు మొదటిదాని గురించే ఎక్కువ రాశారు కానీ, నాకు రెండోదే ముఖ్యంగా కనిపిస్తోంది కాబట్టి దానికి ముందే సూటిగా జవాబు చెబుతాను: నడపకూడదు. మీరు చలానా కట్టినా, కోర్టుకు వెళ్లి గెలిచినా, ఆ సైలెన్సరును ఊడదీయించి కంపెనీ సైలెన్సరు పెట్టించవలసిందే. చలానా గెలిచినంత మాత్రాన సైలెన్సరు చట్టబద్ధం అయిపోదు. ఈ రెండూ ఒకటేనని అనుకోవడం వల్లే మీ స్నేహితుల సలహా అంత ఆకర్షణీయంగా వినిపిస్తోంది.

ఇప్పుడు మీటరు సంగతికి వద్దాం. ఇందులో మీ స్నేహితుల మాటలో సగం నిజం ఉంది. చలానా కాగితం తీసి, దాని మీద ఏ సెక్షను రాశారో ముందు చూడండి. మీ కేసంతా ఆ ఒక్క అంకెను బట్టి ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 190వ సెక్షను రెండో ఉపసెక్షను కింద రాసి ఉంటే, ఆరోపణ ఏమిటంటే మీ కారు శబ్ద ప్రమాణాలను మీరిందని. ప్రమాణం అంటేనే అంకె. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 120వ నియమం, ప్రతి వాహనమూ పర్యావరణ పరిరక్షణ నియమాల్లో నిర్దేశించిన శబ్ద పరిమితులకు లోబడి ఉండాలనీ, ఆ పరీక్షను భారతీయ ప్రమాణం 3028 ప్రకారం జరపాలనీ చెబుతుంది. డ్రైవరుతో కలిపి తొమ్మిది సీట్లు మించని ప్రయాణికుల వాహనానికి ఆ పరిమితి 74 డెసిబెళ్లు. కారు వేగం పుంజుకుంటూ దాటిపోతూ ఉండగా, పక్కన ఏడున్నర మీటర్ల దూరంలో మైకు పెట్టి, చుట్టూ గోడలూ ఇతర చప్పుళ్లూ లేని మైదానంలో కొలవవలసిన అంకె అది. శనివారం రాత్రి కూడలిలో, నాలుగు వైపుల నుంచీ హారన్లు మోగుతుండగా ఆ పరీక్ష ఎవరూ చేయలేరు. కాబట్టి కేవలం చెవితో విని 190(2) కింద రాసిన చలానాను కోర్టులో ప్రశ్నించడానికి మీకు బలమైన ఆధారమే ఉంది.

అయితే పోలీసుల చేతిలో ఉన్న సెక్షను అదొక్కటే కాదు. 2019లో చట్టాన్ని సవరించినప్పుడు 182ఎ అనే కొత్త సెక్షను వచ్చింది. దాని నాలుగో ఉపసెక్షను ప్రకారం, వాహన యజమాని చట్టమూ నియమాలూ అనుమతించని రీతిలో వాహనంలో మార్పు చేస్తే, విడిభాగాలు తెచ్చి బిగించడం కూడా అందులోకే వస్తుంది, ఆరు నెలల దాకా జైలు గానీ, ఒక్కొక్క మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు. ఇక్కడ తేల్చవలసింది ఎంత శబ్దం వచ్చిందన్నది కాదు, కారు కింద బిగించి ఉన్న వస్తువు ఏమిటన్నది. దానికి డెసిబెల్ మీటరుతో పనిలేదు, టార్చిలైటు ఉంటే చాలు. 194ఎఫ్ సెక్షను ఇంకా సూటిగా ఉంటుంది: పొగను సైలెన్సరు గుండా కాకుండా మరో దారిన వదిలే కటౌట్ ఉన్న వాహనాన్ని నడిపితే మొదటిసారి వెయ్యి, ఆ తరువాత ప్రతిసారీ రెండు వేలు జరిమానా. మీకు పడింది సరిగ్గా వెయ్యి రూపాయలు, మీ కారుకు ఉన్నది రిమోటుతో తెరుచుకునే వాల్వ్. ఈ రెండింటినీ కలిపి చూస్తే నాకు ఈ సెక్షను మీదే అనుమానం పోతోంది. కాగితం చూసి నిర్ధారించుకోండి.

వాల్వ్ విషయంలో ఒక తేడాను గమనించాలి. కొన్ని ఖరీదైన స్పోర్ట్స్ కార్లకు కంపెనీవాళ్లే వాల్వ్ పెట్టి, ఆ వాల్వుతో సహా కారును పరీక్షలకు పంపి ఆమోదం తెచ్చుకుంటారు. మీరు చెప్పినది అది కాదు. బయట బిగించేవాటిలో రెండు రకాలు కనిపిస్తాయి. ఒక రకంలో సైలెన్సరుకు ముందే గొట్టానికి ఒక పాయ తీసి దాని నోటికి వాల్వ్ పెడతారు, అది తెరుచుకుంటే పొగ సైలెన్సరు ముఖం చూడకుండానే బయటికి పోతుంది. ఇది చట్టం చెప్పిన కటౌటే, ఇందులో వాదనకు తావు లేదు. రెండో రకంలో వాల్వ్ సైలెన్సరు డబ్బా లోపలే ఉండి, గదులన్నీ తిరగనివ్వకుండా పొగను తిన్నగా పంపేస్తుంది. ఇది 194ఎఫ్ కిందికి వస్తుందా రాదా అని ఒక న్యాయవాది వాదించవచ్చు గానీ, 182ఎ నుంచి తప్పించుకోవడం మాత్రం కష్టం.

చట్టంలో ఇంకా స్పష్టత రావలసిన చోటు కూడా ఒకటుంది, దాన్ని దాచిపెట్టడం న్యాయం కాదు. మార్పుల గురించి మూలంగా చెప్పేది 52వ సెక్షను. తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకూ ఆర్‌సీలోని వివరాలకూ తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదని అది అంటుంది. అక్కడి వివరణ ప్రకారం, వాహనం మౌలిక లక్షణం మారేటట్టుగా దాని నిర్మాణంలో చేసే మార్పునే ‘మార్పు’ అనాలి. సైలెన్సరు మారిస్తే మౌలిక లక్షణం మారినట్టా అన్నది వాదించదగిన ప్రశ్నే. కానీ 2019 జనవరిలో కేరళకు చెందిన జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు, తయారీదారు ఆమోదం పొందిన నమూనాకు విరుద్ధమైన మార్పులు కుదరవని గట్టిగా చెప్పింది. అదే ఏడాది పార్లమెంటు 182ఎ తెచ్చి విడిభాగాలనూ అందులో చేర్చింది. గాలి ఏ వైపు వీస్తోందో మీరే చూడవచ్చు. వెయ్యి రూపాయల చలానా మీద ఈ సందేహాన్ని తేల్చుకోవడానికి హైకోర్టు దాకా వెళ్లమని ఏ క్లయింటుకూ నేను చెప్పను.

మీ షోరూమువాళ్లు చెప్పిన ‘సర్టిఫికెట్’ గురించి అడగవలసిన మాట ఒకటుంది: ఎవరిచ్చిన సర్టిఫికెట్? సాధారణంగా అది విదేశీ తయారీదారు తన సరుకుకు ఇచ్చుకున్న కాగితం, లేదా ఐరోపా నిబంధనలకు సంబంధించిన ముద్ర. మన దేశంలో ఆ కారు నమూనాకు ఇచ్చిన ఆమోదంలో ఆ సైలెన్సరు లేనంతవరకు, ఆ కాగితం రోడ్డు మీద మిమ్మల్ని కాపాడదు.

ఇక సైలెన్సరు అసలు చేసే పని ఏమిటో కొంచెం దగ్గరగా చూపిస్తాను. ఎందుకంటే దాన్ని ఒక అలంకారమని అనుకున్నంతకాలం ఈ చలానా వేధింపుగానే కనిపిస్తుంది. కిందటేడాది ఒక కేసు పనిమీద మెకానిక్ షెడ్డుకు వెళ్లాను. అక్కడ గోడ వారన కార్ల నుంచి ఊడదీసిన కంపెనీ సైలెన్సర్లు పది పన్నెండు తుప్పు పడుతూ పడి ఉన్నాయి. ఆ మెకానిక్ గ్రైండరుతో నిలువుగా కోసిన ఒకదాన్ని తెచ్చి నా ముందు బల్ల మీద పెట్టాడు. బయటికి ఒట్టి రేకు డబ్బాలా ఉండే ఆ వస్తువులో మూడు గదులున్నాయి. ఒక గదిలోకి వచ్చిన గొట్టం అక్కడే ఆగిపోతుంది. పక్క గదిలో మొదలైన మరో గొట్టానికి ఒళ్లంతా జల్లెడలా చిల్లులున్నాయి. ఆ చిల్లుల చుట్టూ మసిబారి నల్లగా మారిన గాజుపీచు కుక్కి ఉంది. ఇంజిను నుంచి తన్నుకొచ్చే ఒక్కో పీడన తరంగం ఈ గదుల్లో వ్యాకోచించి, ఎదురుగోడకు తగిలి వెనక్కు మళ్లి, తరువాత వచ్చే తరంగంతో ఢీకొని చాలావరకు చల్లారిపోతుంది, మిగిలినదాన్ని ఆ పీచు మింగేస్తుంది. సైలెన్సరు వ్యాకోచ గది ద్వారానో మరో విధంగానో శబ్దాన్ని సాధ్యమైనంత తగ్గించే సాధనమై ఉండాలని 120వ నియమం చెప్పేది ఈ పనినే. దాని స్థానంలో ఆ మెకానిక్ బిగిస్తున్నది తిన్నగా ఉన్న ఒక స్టీలు గొట్టం. చివర తళతళలాడే మూతి తప్ప లోపల ఏమీ లేదు. ఇటువైపు నుంచి చూస్తే అటువైపు వెలుతురు కనిపించింది.

ఆ వెలుతురు కనిపించే గొట్టం వీధిలో ఏం చేస్తుందో అంకెల్లో చెప్పుకుందాం. డెసిబెల్ లెక్క మామూలు కూడిక కాదు. పది డెసిబెళ్లు పెరిగితే శబ్దశక్తి పది రెట్లవుతుంది, చెవికి సుమారు రెట్టింపు మోతగా వినిపిస్తుంది. మీ కారు 74కు బదులు 94 దగ్గర అరుస్తోందని ఉదాహరణకు అనుకుంటే, అది వదిలే శబ్దశక్తి వంద రెట్లు. దూరం రెట్టింపైనప్పుడల్లా ఆరు డెసిబెళ్లు తగ్గుతాయి కాబట్టి, ముప్పై మీటర్ల అవతల ఉన్న కిటికీ దగ్గర అది ఇంకా 82 ఉంటుంది. శబ్ద కాలుష్య నియంత్రణ నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఉండవలసిన పరిమితి 45, పగలైతే 55. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ వంద మీటర్ల నిశ్శబ్ద మండలంలో రాత్రి పరిమితి 40. ఈ పరిమితులు కొంతసేపటి సగటుకు పెట్టినవి కాబట్టి, ఒక్క క్షణం మోతతో వాటిని సరిగ్గా పోల్చలేం, నిజమే. కానీ నిద్రలో ఉన్న మనిషిని లేపేది సగటు కాదు, ఆ ఒక్క క్షణమే.

మా అమ్మకు గుండె ఆపరేషను అయి ఇంటికి తెచ్చిన తరువాతి వారాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. మా ఇల్లు మెయిన్‌రోడ్డుకు రెండో వీధి. రాత్రి ఒంటిగంట ప్రాంతంలో ఒక కారు మలుపు దగ్గర యాక్సిలరేటరు నొక్కి వదిలేది. ఆ వదిలిన క్షణంలో టపాకాయ పేలినట్టు నాలుగు చప్పుళ్లు వచ్చేవి. అమ్మ మంచం మీద చెయ్యి గుండెకు ఆనించుకుని లేచి కూర్చునేది. నేను మంచినీళ్లు తెచ్చి, ఏమీ లేదమ్మా కారే అని చెప్పి పడుకోబెట్టేసరికి అరగంట పట్టేది. ఆ కుర్రవాడికి మా ఇంట్లో ఎవరున్నారో తెలియదు, మాకు కీడు తలపెట్టాలన్న ఉద్దేశం అతనికి ఉండి ఉండదు. మీకూ లేదని నాకు తెలుసు. మీరు రాత్రి పదకొండున్నరకు వెళ్లిన దారి పొడవునా ఎన్ని కిటికీలున్నాయో ఒక్కసారి తలుచుకోమని అడగడానికే ఇది రాశాను.

2005 జూలైలో సుప్రీంకోర్టు శబ్ద కాలుష్యం మీద ఇచ్చిన తీర్పులో, ప్రశాంతంగా బతికే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. నా ఇంట్లో నేను చప్పుడు చేసుకుంటానంటే, దాన్ని వినకుండా ఉండే హక్కు పక్కవాడికి ఉందన్నది ఆ తీర్పు సారాంశం. సైలెన్సర్ల విషయానికే వస్తే, 2021లో అలహాబాదు హైకోర్టు లక్నో ధర్మాసనం మార్చిన సైలెన్సర్ల మోతను తనంతట తానే విచారణకు స్వీకరించింది. కోర్టుకు వెళ్లమనే మీ స్నేహితులు న్యాయస్థానాలు ఈ విషయాన్ని ఎటునుంచి చూస్తున్నాయో ముందు తెలుసుకోవాలి.

ఇంతవరకు మీ తప్పు గురించే చెప్పాను. పోలీసుల హద్దుల గురించి కూడా అంతే గట్టిగా చెప్పాలి. మిమ్మల్ని ఆపే అధికారం, లైసెన్సూ ఆర్‌సీ అడిగే అధికారం, చలానా రాసే అధికారం వారికున్నాయి. అక్కడికక్కడే రోడ్డు పక్కన సైలెన్సరు కోసి పట్టుకుపోవడం వేరే సంగతి. వాహనాన్ని స్వాధీనం చేసుకునేందుకు వీలిచ్చే 207వ సెక్షను ప్రధానంగా లైసెన్సు, రిజిస్ట్రేషను, పర్మిటు లేని సందర్భాల కోసం ఉద్దేశించినది. నేరానికి సంబంధించిన వస్తువుగా సైలెన్సరును స్వాధీనం చేసుకుంటున్నామంటే, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 106వ సెక్షను ప్రకారం ఆ సంగతి మేజిస్ట్రేటుకు తెలియజేయాలి. ఆ వస్తువు ఏమవ్వాలో తేల్చవలసింది 503వ సెక్షను కింద మేజిస్ట్రేటే. హైదరాబాదులోనూ, విశాఖపట్నంలోనూ వందల సైలెన్సర్లను వరసగా పేర్చి రోడ్డు రోలరుతో తొక్కించిన దృశ్యాలు మనందరం చూశాం. మోతతో విసిగిపోయిన జనానికి అవి ఊరటగానే ఉన్నాయి, వాటి వెనక ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. కానీ యజమాని సమ్మతి కాగితమో, కోర్టు ఉత్తర్వో లేకుండా ఎవరి వస్తువునైనా ధ్వంసం చేయడం పద్ధతి కాదు. చట్టం అమలు చేసేవారు చట్టం చెప్పిన మెట్లెక్కే రావాలి. అందుచేత, ఎప్పుడైనా మీ సైలెన్సరు ఊడదీసే పరిస్థితి వస్తే వాదనకు దిగకండి, వీడియో తీస్తున్నానని బెదిరించకండి. ఏ సెక్షను కింద తీసుకుంటున్నారో అడిగి, రశీదు ఇమ్మని మర్యాదగా కోరండి. చదవకుండా ఏ సమ్మతి పత్రం మీదా సంతకం పెట్టకండి.

మిమ్మల్ని ఆపిన ఎస్సై పదిహేను రోజుల గడువిచ్చారని రాశారు. అది నోటిమాటగా అన్నదే కావచ్చు, చలానా మీద ఉండకపోవచ్చు. అయినా నన్నడిగితే అది మీకు దొరికిన మంచి అవకాశం. ఆయన అదే రాత్రి రిజిస్టరింగ్ అథారిటీకి రాసి ఉంటే, 53వ సెక్షను కింద నియమాలకు లోబడని వాహనమని మీ ఆర్‌సీని తాత్కాలికంగా నిలిపివేసే ప్రక్రియ మొదలయ్యేది. దానికి ముందు మీకు నోటీసిచ్చి మీ వాదన వినాలి, నిజమే. కానీ వెయ్యి రూపాయలతో పోయేది అక్కడిదాకా పాకితే, కారు నెలల తరబడి ఇంటి ముందు కదలకుండా ఉండవలసి వస్తుంది.

కట్టాలా, కోర్టుకు వెళ్లాలా అన్నదానికి నా సలహా ఇది. చలానా 194ఎఫ్ లేదా 182ఎ కింద ఉంటే కట్టేయండి. 190(2) కింద ఉండి, మీ సైలెన్సరులో నిజంగా ఏ మార్పూ లేకపోయి ఉంటే పోరాడమనే చెప్పేవాణ్ణి. మీ విషయంలో పోరాడినా, కోర్టులో అధికారి సాక్ష్యం చెప్పేటప్పుడు, కారుకు ఏ సైలెన్సరు ఉందని మిమ్మల్ని అడగకుండా ఉండరు. ఇక్కడ రెండు సంగతులు తెలుసుకోండి. మీ చలానా మీద ఉన్న మొత్తం నేరాన్ని కోర్టు బయట రాజీ చేసుకోవడానికి కట్టే రుసుము, చట్టంలోని గరిష్ఠ శిక్ష కాదు. 190(2) కింద మొదటిసారికే మూడు నెలల దాకా జైలు, పదివేల దాకా జరిమానా, వాటితోపాటు మూడు నెలలు లైసెన్సు రద్దు అని చట్టంలో ఉంది. రెండోది చాలామందికి తెలియనిది: 2019 సవరణ తరువాత 200వ సెక్షను ప్రకారం, రాజీ రుసుము కట్టినా ఆ నేరం ‘ఇదివరకు చేసిన నేరం’ కిందే లెక్క. అంటే ‘కట్టేశాను, అయిపోయింది’ అనుకుని అదే సైలెన్సరుతో మళ్లీ రోడ్డెక్కితే, రెండోసారి దొరికిన రోజున మీది రెండో నేరమే. నాన్నగారి సలహాలోని లోపం ఇదొక్కటే: కట్టెయ్యమనడం సరైనదే, వదిలెయ్యమనడం కాదు. 2022లోనూ 2023 చివరలోనూ తెలంగాణ ప్రభుత్వం పెండింగు చలానాల మీద రాయితీ ఇచ్చింది కదా, మళ్లీ ఇస్తారేమో చూద్దామని ఆపుకోవడం కూడా మంచిది కాదు.

ఆర్‌సీ మీ పేరుకు మారకముందు ఆ నంబరు మీద చలానాలేమైనా ఉన్నాయేమో కూడా వెబ్‌సైటులో చూసుకోండి. ఉంటే, పాత తేదీలవి మీవి కావని చూపడానికి బదిలీ తేదీ ఉన్న కాగితాన్ని దగ్గర పెట్టుకోండి.

నలభై వేల బాధకు వద్దాం. ఆ డబ్బు మీరు విడిగా పెట్టింది కాదు, కారు ధరలో కలిసి వెళ్లింది. మీకు అమ్మింది వ్యక్తి కాదు, వ్యాపారం చేసే షోరూము. రోడ్డు మీద చట్టబద్ధంగా నడపలేని భాగాన్ని ‘లీగలే’ అని చెప్పి అమ్మారు. ఆ మాట వాట్సాప్‌లోనో, ప్రకటనలోనో, బిల్లు మీదో ఎక్కడైనా రాతలో ఉందేమో వెతకండి. ముందుగా వారికి ఒక ఉత్తరం రాసి, కంపెనీ సైలెన్సరు కొని బిగించడానికయ్యే ఖర్చూ, చలానా మొత్తమూ ఇవ్వమని అడగండి. ఒప్పుకోకపోతే వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. దానికి కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్ల గడువుంది. ఇంత చిన్న మొత్తానికి న్యాయవాదిని పెట్టుకోనక్కరలేదు, మీరే వాదించుకోవచ్చు. మీ కోపాన్ని చూపవలసిన చోటు చలానా రాసిన ఎస్సై కాదు, ఈ షోరూము. ఇలాంటి బండ్లను అమ్మేవారినీ, గొట్టాలు కోసి బిగించే షెడ్లనూ వదిలి, చివర కొనుక్కున్న కుర్రవాణ్ణి మాత్రమే పట్టుకుంటూ పోతే ఈ మోత ఎప్పటికీ తగ్గదని పోలీసులకూ చెప్పాలని ఉంది.

సైలెన్సరు మార్పించేటప్పుడు మెకానిక్ చేత కారును లిఫ్టు మీద పైకెత్తించి ఇంకో రెండు చూసుకోండి. ఇలాంటి కార్లలో సైలెన్సరుతోపాటు ఇంజిను నుంచి పొగను కిందికి తెచ్చే డౌన్‌పైపు కూడా మార్చి, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టరును తీసేసి ఉండే అవకాశం ఎక్కువ. అదే జరిగి ఉంటే, అది శబ్దంతో పోయే విషయం కాదు, విషవాయువుల విషయం. బీఎస్-6 కారుకు అది లేకుండా పొల్యూషన్ సర్టిఫికెట్ నిజాయతీగా రాదు. యాక్సిలరేటరు వదిలినప్పుడు టపటపా పేలే చప్పుడు వస్తోందంటే ఇంజిను సాఫ్ట్‌వేరును కూడా మార్చి ఉంటారు, కాలని ఇంధనం గొట్టంలో మండేట్టు చేసే మార్పు అది. కంపెనీ సైలెన్సరు పెట్టినా ఆ సాఫ్ట్‌వేరు ఉన్నంతవరకు వేడి కన్వర్టరును తినేస్తుంది, కాబట్టి దాన్ని కూడా మామూలు స్థితికి మార్పించండి. మీ ఇన్సూరెన్సు పాలసీ తీసుకున్నప్పుడు ఈ మార్పుల సంగతి చెప్పలేదు కాబట్టి, రేపు కారుకు దెబ్బ తగిలితే క్లెయిము దగ్గర పేచీ వస్తుంది. ఇది కూడా త్వరపడడానికి ఒక కారణం.

‘డీజేలను వదిలేసి నన్నెందుకు’ అన్న మీ మాటను కొట్టిపారేయను. అమలులో సమానత్వం లేదన్న బాధ సరైన బాధే. అయితే 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. ఆ నిషేధం ఎక్కడైనా అమలు కాకపోతే ఫోను తీసి 100కో 112కో ఫిర్యాదు చేసే హక్కు మీకుంది. అది మీరు చేయవలసిన పనే, నేనూ చేస్తాను. కానీ పక్కవీధి డీజే ఆగలేదన్న కారణం మీ చలానా కేసులో ఏ మేజిస్ట్రేటు ముందూ జవాబుగా నిలవదు. మీ ఆర్‌సీ మీద ఉన్న కారు ఏ సైలెన్సరుతో వచ్చిందన్నదే అక్కడ ప్రశ్న.

కాబట్టి ఈ వారంలోనే కంపెనీ సర్వీసు సెంటరుకు ఫోను చేసి మీ మోడలు సైలెన్సరు ధరా, ఎన్ని రోజుల్లో వస్తుందో కనుక్కోండి. అది వచ్చేదాకా రిమోటును ఇంట్లో పెట్టి, వాల్వ్ మూసి, వీలైతే కారునే ఇంట్లో ఉంచండి. బిగించిన రోజున పాత సైలెన్సరు ఊడదీసినప్పుడు ఒక ఫోటో, కొత్తది బిగించాక కింద నుంచి మరొక ఫోటో తీయించి, బిల్లుతో సహా గడువులోపల ఆ స్టేషనుకు వెళ్లి చూపించండి. చూపించినట్టు ఒక కాగితం మీద ముద్ర వేయించుకుని గ్లవ్ బాక్సులో పెట్టుకోండి. ఊడదీసిన సైలెన్సరును మాత్రం ఇంకెవరికీ అమ్మవద్దు. అమ్మితే అది మరో కారు కింద చేరి, ఇంకో వీధిలో ఇంకొకరి నిద్ర చెడగొడుతుంది. షోరూముతో తగాదా తేలేదాకా ఆధారంగా దగ్గర ఉంచుకుని, తేలిన తరువాత తుక్కు కింద తూకానికి ఇచ్చేయండి.